పేరు గడ్డిది

టోల్స్‌బరీలో పాటు వేళ
బూటు ఇచ్చేస్తే తప్ప
కాలు వదలనంటుంది బురద.

ముందు హెస్టర్ పెటికన్.
డెబ్బై దాటిన పడవమనిషి,
ఎక్కడ అడుగేస్తే దిగబడమో ఆమె మడమలకే తెలుసు.
వెనక నేను, ఐసుపెట్టె, కత్తెర,
చంటిపిల్లల టూత్‌బ్రష్ ఒకటి.

ఉప్పుగడ్డి పరకని మొదట్లో కోస్తాను.
పైనంతా పచ్చ. కింద జానెడు మేర
టీ గ్లాసు అడుగున ఎండిన మరకలాంటి రంగు.
"మురికి" అంటుంది హెస్టర్.
నాలుగేళ్ల కింద నేనూ అదే అన్నాను.

ఆ మరకని బ్రష్‌తో కడిగి
ఒక్క చుక్క గాజుపలక మీద వేసి కన్ను ఆనిస్తే
నువ్వుగింజలు. దోనెలు. పళ్లు సన్నని దువ్వెనలు.
ఒకే కాడకి అతుక్కున్న విసనకర్రలు.
వాటిలో ఒకటి, తెడ్డు లేదు తెరచాప లేదు,
కాస్త ముందుకెళ్లి
ఏదో మర్చిపోయినట్టు వెనక్కొచ్చింది.

మూడువందల దగ్గర లెక్క ఆపాలని నియమం.
మూడువందల పన్నెండు దాకా పోయాను.

ఒక్కోటీ మూతా అడుగూ ఉన్న గాజు డబ్బా.
చీలేప్పుడు పంపకం ఇలా:
ఒకరికి తల్లి మూత, ఒకరికి తల్లి అడుగు.
ఏది దక్కినా వాళ్లకది మూతే,
లోపలి అడుగు ఎవరిది వాళ్లు చేసుకోవాలి.
అందుకే అడుగు పంచుకున్న బిడ్డ
తల్లికన్నా వెంట్రుకవాసి చిన్నది.
దాని బిడ్డ ఇంకా.
ఇక చిక్కలేని రోజున
గాజు విప్పేసి, వొట్టి ఒంటితో ఉబ్బి
ముత్తవ్వంత డబ్బా మళ్లీ కట్టుకుంటుంది.

"ఎవరికి పనికొస్తాయివి?" హెస్టర్ అడిగింది.
నూకగింజంత నత్తని గోటిమీద పెట్టి చూపించాను.
దీని కడుపులో గడ్డి లేదు, ఆ మురికే ఉంది.
దీన్ని ఏరుకునే ఎర్రకాళ్ల ఉల్లంకి ఒంట్లోనూ
తిరిగి తిరిగి అదే.
ఈ చవుడంతటికీ పేరు గడ్డిది,
పొయ్యి మాత్రం వీటిది.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు.
నీళ్లు కాలవల్లోకి మళ్లాయి.
"యాభై ఏళ్లు. ప్రతి ఏప్రిల్లో
పడవ అడుగు గీకి పారేశాను" అంది, నాతో కాదు.

మళ్లీ ఏప్రిల్లో చూశాను.
పడవని బోర్లించి గీకుతూనే ఉంది,
గీకకపోతే పడవ నడవదు కదా.
కాకపోతే ఒకసారి రేకు ఎత్తి
దాని అంచుని
వెలుతురుకి అడ్డంగా పట్టింది.