చుక్కల పొడి

హైమాల మా సర్వీసింగు పాయింటు ముంగట
ఎడారి అయిపోదు, కొంచెంసేపు ఆగుతది అంతే.
సలాలా పోయే బండ్లు, మస్కటుకు మళ్లే బండ్లు
ఎవరి దుమ్ము వాళ్లు తెచ్చి నా చేతుల పెడుతరు.
రియాలున్నరకు ఒక బండి.
పైపు పట్టి కొడితే ఎర్రనీళ్లు మోరీలకు దిగుతయి.
నాలుగేండ్ల సంది ఇదే కొలువు.

మొన్న ఒక తెల్ల లాండ్‌క్రూజర్ వచ్చింది
తెల్లదని కడిగినంక తెలిసింది.
దిగిన పిల్ల పేరు బదరియా, యూనివర్సిటీల చదువు.
ఎడారిల పడ్డ ఆకాశపు రాళ్ల కోసం తిరుగుతదట వాళ్ల జట్టు.
మిన్ను విరిగి మీద పడితే
ఏరుకునేటోళ్లు సుత ఉంటరని అప్పుడే తెలిసింది నాకు.

నేను పైపు ఎత్తంగనే
"భయ్యా, ఠైరో" అన్నది వచ్చీరాని హిందీల.
అయస్కాంతానికి కవరు తొడిగి
బానెట్టు మీద మెల్లగ తిప్పింది,
జరమొచ్చిన పిల్ల నుదురు తడిమినట్టు.
కవరుకు నల్లటి నలుసులు.
"ఇండ్ల ఏ ఒక్కటో పైనుంచి వచ్చింది ఉంటది.
తోకచుక్క రాల్చిన పొడి.
రోజూ రాలుతది, అందరి మీద."

మా దిక్కు చుక్క పొడిచింది అంటరు.
పొడి అయింది అనంగ ఎన్నడూ వినలేదు.

ఆ రాత్రి నిద్ర రాలేదు.
రోజుకు పద్దెనిమిది బండ్లు, నాలుగేండ్లు.
ఎన్ని చుక్కలు మోరీల కలిపిననో లెక్క పెడుతుంటే
లెక్క ఇంకో దిక్కు మళ్లింది.

మెట్‌పల్లి బస్టాండు ఎదురుంగ మేడమీది ఆఫీసుల
ఏజెంటు సుదర్శనం
నా కండ్లల్ల కొట్టింది ఏ దుమ్ము?
మామూలు దుమ్మయితే మండుతుండె,
నీళ్లు కారుతుండె, తుడుసుకొని ఇంటికి పోతుంటి.
మండలేదు. మెరిసినయి.
గోడ మీద క్యాలెండరు, క్యాలెండరుల అద్దాల మేడలు,
ఓవర్‌టైం అన్న ఒక్క మాట,
లక్షా పదివేలు, మూడు రూపాల మిత్తి.
గది సుత చుక్కల పొడే గావొచ్చు,
ఎన్నడో చచ్చిన చుక్క వెలుగు
నాదాక వచ్చేసరికి కొత్తగ కనవడ్డది.

తర్వాత మొదటి కఫీలు పాస్‌పోర్టు గుంజుకొని
పట్టపగలు చుక్కలు చూపించిండు.
అవి వేరే చుక్కలు, వాటికి పొడి రాలదు.

పాత స్పీకరు పగలగొట్టి అయస్కాంతం తీసిన.
మోరి గుంతల బురద ఎండబెట్టి తిప్పిన.
ముఖ్లేస్ నవ్విండు:
"బ్రేకు అరిగిన రజను అది, పాగల్."
అయి ఉండొచ్చు.
ఏది మీదికెల్లి పడ్డదో, ఏది అరిగి రాలిందో
విడదీసుడు నాకు రాదు.
రెండూ కలిపి అమృతాంజనం సీసల పోసిన.

శుక్రవారం జమునకు ఫోన్ల చెప్పిన.
ఒళ్లె చాట, చాటల తునికాకు,
కత్తెర చప్పుడు ఆగింది.
"తంబాకు పొడిల సుత ఉంటదా?"
"అన్నిట్ల ఉంటదట."
తుమ్మింది. ముక్కు తుడుసుకున్నది.
"అయితే టేకేదారుకు చెప్పకు,
గది సుత తూకంల ఏసి తంబాకు తక్కువిస్తడు."

నవ్వు మధ్యల బ్యాలెన్సు అయిపోయింది.
ఎవరు ముందు ఆపినమో తెలువది.

ఇప్పుడు బండి వస్తే
పైపు ఎత్తే ముందు జరసేపు ఆగుత.
సూపర్‌వైజరు అరుస్తడు.
బానెట్టు దుమ్ముల వేలుతోని
ఒక్క చుక్క పెడుత,
ముగ్గు కాదు, ఒక్కటే.
ఇగ కడుగుత.