తీయనీకేం లేదు

పాకాల కట్ట కాడ ట్రాలీ ఆగేటాళ్లకు
ఇంకా చుక్కలున్నయి.
మొగోళ్లు కట్ట అవుతల కూసున్నరు
ఇటు దిక్కు వీపు వెట్టి,
బీడీ గూడ ముట్టియ్యకుంట.
మేం ఆరుగురం ఆడోళ్లం నీళ్ల దిక్కు దిగినం.

"అన్ని తీయాలె" అన్నది హుల్దమ్మ.
"నీళ్లకూ వొంటికీ నడుమ
దారప్పోగు గూడ ఉండొద్దు."

యాయేలు గాజులు తీసింది.
షులమీతు ముక్కుపుల్ల తీసి చెంగుకు ముడేసింది.
పుస్తెలతాడు కాడికి వచ్చేసరికి
ఇద్దరి చేతులు ఒక్కతీరుగనే ఆగినయి,
మల్ల కదిలినయి.
యాయేలు మెట్టెలు రాలే.
కాలు నా ఒళ్లె వెట్టి సబ్బు రుద్దింది,
నవ్వుకుంట, తిట్టుకుంట.

నాకు తీయనీకేం లేదు.
నావి పదకొండేండ్ల కిందనే తీసిన్రు
పదో దినం నాడు, బోరింగు కాడ,
నన్నడగకుంట.
గాజులు రాయితోని కొడ్తుంటే
ఒక పెంకు మణికట్టుల దిగింది.
"ఊకో, అయిపాయె" అన్నది ఆడిబిడ్డ.
ఆ మచ్చ చూపెట్టి అడిగిన, దీన్నేం జెయ్యాలె అని.
"అది నువ్వే బిడ్డా, అడ్డం గాదు.
గోర్లు చూపియ్."

ఎనుమాముల యార్డుల
తొడిమెలు దుంచే చేతులు నావి.
గోర్ల సందున మిర్చి ఎరుపు,
ఎంత కడిగినా పోనిది.
చీపురుపుల్ల తోని ఒక్కొక్క గోరు గీకింది హుల్దమ్మ
ఫోను లైటు వెలుతుర్ల,
పసిపిల్లకు తీసినట్టు.
నడుమ ఒకపారి కండ్లు తుడుసుకున్నది.
ఏడుపు గాదు, కారం.

ఇంత దగ్గరికెల్లి నన్ను ఎవలు చూసిన్రు?
పొద్దుగాల ఎదురైతే మొకం తిప్పినోళ్లే.
పెండ్లి పందిట్ల అక్షింతల పళ్లెం
నన్ను దాటిపోతుంటే
సాపిన చెయ్యి ముడుసుకున్న.
మా అవ్వది ఇంకో కత.
చేదబాయి కాడ దోసిలి వట్టి నిలవడ్తే
పైకెల్లి ఎవలో పోసేటోళ్లు.
అవ్వ ఏనాడు నీళ్లల్లకు దిగలే,
నీళ్లే అవ్వ మీద పడేయి.

మాఘమాసం సలి.
"మొసళ్లుంటయంట గదా" అన్న.
"ఉంటే అవే పారిపోతయి తియ్, నీ మిర్చి ఘాటుకు"
షులమీతు.
నవ్వుకుంటనే మెడ దాంక వోయిన.

మొదటి మునక లెక్కకు రాలే.
వెంట్రుకలు పైన తేలినయట.
"మల్ల" అన్నది హుల్దమ్మ, కోపం లేకుంట.
ఆమె పనే అది,
ఒక్క వెంట్రుకన్న బయట మిగిలిందా అని చూసుడు.
ఇంకేం చూడది.

మల్ల మునిగిన.
కాళ్లు నేలను ఇడిసినయి.
చెవులల్ల చెరువు.
దేవుడు కనవడ్డడని అబద్ధం చెప్పను.
పచ్చటి చీకటి, నోట్లె పాకురు వాసన,
గోర్ల కింద మంట మెల్లగ సల్లారుడు.

"కోషెర్!"
కాంటా మీద బస్తా వెట్టినంక
తూకం సరే అని ఒర్రినట్టే ఉన్నది,
తరుగు తియ్యకుంట.

చదవాల్సిన మాటలు
తక్‌పట్టీ ఎనుక తెలుగుల రాసుకున్న.
తడిసి సిరా పాయె.
"బారుఖ్ అత్తా" కాడ్నే నాలుక ఆగింది.
ఒడ్డు మీదోళ్లందరు అందించిన్రు
ఒకలు ముందు, ఒకలు ఎనుక,
రాగం కుదరకుంట.

మూడోపారి నీళ్ల కిందనే ఉన్న,
కొత్తపేరు వెట్టి పిలిచింది హుల్దమ్మ:
"లేయా!"
లెవ్వుమంటున్నదనుకొని
లేచి నిలవడ్డ.

తిరిగి తొడుక్కునేటప్పుడు
యాయేలు మెట్టె ఒకటి దొరకలే.
బురదల దేవులాడినం, రాళ్ల సందుల దేవులాడినం.
తెల్లారింది. లేదు.
నా గుండె దడదడ.
ఇగ ఎవలో ఒకలు నా దిక్కు చూస్తరు,
దీని అడుగు వడ్డదంటరు.

ఎవ్వలు చూడలే.
"పాకాలకు లగ్గమైంది పో" అన్నది యాయేలు,
ఉత్తకాలు తోనే ట్రాలీ ఎక్కింది.
నర్సంపేట దాంక గతుకులు.
తడిపాదాలు పన్నెండు,
ఒక్క బొంత కింద.