ముడి

మేక పొట్ట కోస్తే
గడ్డి కనిపించి ఎన్నాళ్లయిందో!
నువాక్షోత్ సంతలో ఇరవై ఏళ్లుగా కత్తి పట్టినవాణ్ణి,
చెయ్యి పెట్టగానే తెలిసిపోతుంది.
చూలు మేకేమో అని భ్రమపెట్టే
బరువైన ఉండ.

కడిగి చూడు సీదాతీ, అన్నాడు పక్క కొట్టు యర్బా.
కడిగాను.
పొర మీద పొర, పదకొండు సంచులు.
ఒకదాని మీద ఇంకా చెరగని బియ్యం బొమ్మ.
అన్నిటికంటే అడుగున నీలం రంగుది,
మెడకి రెండు చుట్లు, ఎడమచేతి వాటం ముడి.

ఈ సంతలో ఎడంచేత్తో ముడేసేది
నేనొక్కణ్ణే.

ఎవరికో అరకిలో కట్టిచ్చి ఉంటాను.
మాంసం ఒక్క పూటలో అరిగిపోయింది.
సంచి మాత్రం గాలికెగిరి, తుమ్మముళ్లకి వేలాడి,
ఆకలి కళ్లకి ఆకులా కనబడి
నా కత్తి కిందికే తిరిగొచ్చింది,
ముడైనా వదులవకుండా.

మర్నాటి నుంచి ఖర్జూరపాకు బుట్టలే.
మా అత్త అల్లుతుంది.
నెత్తురు కారుతోందని సల్కా విసుక్కుంది,
ఇద్దరు యర్బా కొట్టుకి మళ్లారు.
పోనీ.

చిరిగిన బుట్టొకటి పెరట్లో పడేశాను నిన్న.
పొద్దున చూస్తే
అంచుతో సహా నమిలేసి
తీరిగ్గా నెమరేస్తున్నాయి మేకలు.