క్రేను తాడు

ఒంగోలు బస్టాండు పక్క నర్సరీలో
నలభై రూపాయల కొమ్మ.
రాధామనోహరం అన్నాడు.
పేరు విని బేరమాడలేదు నేను.

చీమకుర్తిలో మట్టి, మట్టి కాదు.
రాయి కోసిన నీళ్ళు ఎండి బూడిదై
జానెడు మందాన పెచ్చు కడుతుంది.
గడ్డపారతో ఆ పెచ్చు పగలగొట్టి
చెరువు మన్ను రెండు గంపలు, మేకల పెంట ఒకటి
కలిపి గుంత నింపాను.

పాకడానికేదీ లేదంటే
క్వారీలో పారేసిన క్రేను తాడు
మోపెడు మీద చుట్టగా తెచ్చాడు మాలకొండయ్య.
బంగారు చుక్కల నల్లరాళ్ళను
గుంతలోంచి పైకి లేపిన ఇనుప తాడు,
పోగులు తెగి, గ్రీజు కంపు కొడుతూ.
"ఇది మొయ్యలేని పువ్వుంటే చెప్పు" అన్నాడు.

మోసింది. కాల్చింది కూడా.
ఏప్రిల్ ఎండకు ఇనుము కాగి
లేత కొస చుట్టుకున్న చోటల్లా మాడిపోయేది.
నా పాత వాయిలు చీర చించి
దెబ్బకు కట్టు కట్టినట్టు
తాడు పొడుగునా చుట్టాను.

రెండేళ్ళు ఆకులే.
గోడెక్కింది, రేకులెక్కింది,
మీటరు పెట్టెలోకి దూరి
కరెంటోళ్ళతో నాకు తిట్లు పెట్టించింది.
ఒక్క మొగ్గ లేదు.
పక్కింటి కాశింబీ చూసి చూసి అంది:
"బిందెలు బిందెలు పోస్తన్నావు,
ఇంక దానికి పుయ్యాల్సిన పనేంది?
కాస్త ఎండగట్టు."

రోహిణి కార్తె అన్నాళ్ళూ
బిందె చంకన పెట్టుకుని దాని పక్కనే నడిచాను,
మొహం తిప్పుకుని.
ఆకులు వేలాడేశాయి.
ఒక రాత్రి లేచి చెంబెడు పోశాను.
ఆ సంగతి కాశింబీకి ఇప్పటికీ చెప్పలేదు.

మృగశిరకు నాలుగు చినుకులు.
మరో పది రోజులకు, ఆయన నైటు డ్యూటీకి
క్యారేజీ తగిలించుకుంటుంటే
గుత్తి విచ్చింది,
తెల్లగా, తలలు కిందికేసి.
"ఇంతా చేసి తెలుపేనా" అంటూ బండి తీశాడు.

తెల్లారి వచ్చాడు,
కనురెప్పల దాకా రాతిపిండి.
తీగ కింద నిలబడి తువ్వాలు దులపబోయి
ఆగిపోయాడు.
రాత్రి తెల్లనివన్నీ గులాబీ రంగు.
"ఇయ్యి ఎప్పుడు పూసినయ్యి?"
"అయ్యే ఇయ్యి" అన్నాను.

రేపటికి ఎర్రబడతాయని చెప్పలేదు.
చెబితే నిద్ర మాని కూర్చుంటాడు.

నీళ్ళు తోడిపెట్టాను.
ఆయన ఒంటి మీంచి పారిన తెల్లనీళ్ళు
అరుగు దిగి, సందు దాటి
తీగ మొదట్లో ఆగాయి.
పెచ్చు కట్టక ముందే
మన్ను కదిలించాలి.
పార ఎక్కడ పెట్టానో.