పద్నాలుగు పెన్నీల వేడి

బ్లైనైలో వాన నిలువుగా పడదు.
కొండ మీంచి అడ్డంగా వచ్చి
తలుపు సందుల్లో చెయ్యి పెట్టి చూస్తుంది.
లోకమంతటి ఇళ్లకీ పలకరాయి కప్పిన ఊరు మాది.
వంటింటి గోడకి నేనూ ఒక ముక్క తగిలించాను,
గాలివానకి మా కప్పు మీంచే జారిపడ్డది.
ఒక మూల విరిగింది, లెక్కలకి చాలు.

జనవరిలో గిడ్డంగి వాళ్లు నా పనిగంటల్ని
వారానికి పదహారుకి కోశారు.
ఆ రాత్రే సుద్దముక్కతో రాశాను:
పిండి, ముప్పై పెన్నీలు.
ఈస్టు, ఏడు.
ఉప్పు రాయడానికి సిగ్గేసింది.
కొట్లో రొట్టె డెబ్బై అయిదు.
సగానికి సగం మిగులు!
ఆ రాత్రి రాణిలా పడుకున్నాను.

మొదటి రొట్టె ఇటుక.
రెండోది నడుమ కూలబడింది.
మూడోదాన్ని మా కాదీ వేలితో తట్టి
"లోపల ఎవరూ లేరమ్మా" అంది.
నాలుగోది పొంగింది.
దాని నెత్తి పగిలి, లోపలి తెలుపు తొంగి చూసింది.
తడి కోట్ల వాసన, బొగ్గు వాసన, పాత కార్పెట్ వాసన,
అన్నీ ఒక్కసారి లేచి దారిచ్చాయి.

అప్పుడు పడింది నా కళ్లు మీటరు మీద.
ముందు డబ్బు పోస్తేనే కరెంటు పారే ఇల్లు మాది.
ఓవెన్ ఒకసారి వెలిగి ఆరితే నలభై రెండు!
మొత్తం డెబ్బై తొమ్మిది.
పావలా కోడికి ముప్పావలా మసాలా.
మోచేతుల దాకా పిండి పూసుకుని,
మెడలు పట్టేలా పిసికి,
రొట్టెకి నాలుగు పెన్నీలు పోగొట్టుకుంటున్నాను.

పక్కింటి ఎమ్రిస్‌కి చెప్పాను, నవ్వుతాడని తెలిసే.
నలభై ఏళ్లు గనిలో రాయి చీల్చినవాడు,
దగ్గితే ఇప్పటికీ ఆ పొడే రాలుతున్నట్టుంటుంది.
నవ్వలేదు. పలక ముందు నిలబడి
తప్పులు వెతికే మాస్టారులా చదివాడు.
"ఎన్ని డబ్బాలు పడతాయి నీ ఓవెన్‌లో?"
"మూడు."
"మరి రెండు డబ్బాల చోటులో
ఊరికే గాలిని కాల్చి ఎవరికి పెడుతున్నావు?"

నలభై రెండులో మూడో వంతు పద్నాలుగు.
రొట్టె యాభై ఒకటి.
ఇరవై నాలుగు మిగులు, మనిషికి, శనివారానికి.

ఎమ్రిస్ తెచ్చేది భార్య వాడిన డబ్బా, ఒక పక్క సొట్ట.
ఆ సొట్ట కథ అడిగితే మాట మారుస్తాడు.
పై వీధి మాబ్లి వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ దిగి,
పిండిముద్దని కోటు లోపల దాచి తెస్తుంది,
చలికి ఏడుస్తుందేమో అన్నట్టు.
ఎమ్రిస్ ముద్ద మీద రెండు గాట్లు, మాబ్లిది ఒకటి,
నాది ఏ గాటూ లేనిది.
వెనక మూల వేడెక్కువ, దానికి వంతులు.
వంతు తప్పితే మాటా మాటా.
పద్నాలుగు పెన్నీలు బల్ల మీద చిల్లరగా పోసి
నేను లెక్కపెట్టేదాకా కదలడు ఎమ్రిస్.

మార్చిలో ఒక శనివారం
ఇరవయ్యో నిమిషాన ఓవెన్ దీపం ఆరిపోయింది.
అరువు కరెంటు కూడా అప్పటికే తినేశాం.
"తలుపు తియ్యకండి!" ఎమ్రిస్ అరిచాడు,
గనిలో ఎవరో చిక్కుకున్నట్టు.
మాబ్లి కార్డు పట్టుకుని కొట్టు దాకా వానలో పరుగు.
మేం మిగిలినవాళ్లం చీకట్లో
ఓవెన్ అద్దానికి అరచేతులు ఆనించి,
వేడి ఎటు పోతుందో కాపలా కాశాం.
కాదీ చెవి పెట్టి వింది.
"ఇంకా ఉన్నారు" అంది.

ఆమె వచ్చేసరికి ఆలస్యమైంది.
మూడూ పాలిపోయాయి, అడుగున తడి.
గాట్లు కూడా కలిసిపోయి
ఏది ఎవరిదో తెలియలేదు.
ఒకటే కోసి, నలుగురం నిలబడి తిన్నాం.
పళ్లకి అతుక్కుంది. వెన్న లేదు.
మాబ్లి జుట్టు నుంచి నీళ్లు బల్ల మీద పడుతున్నాయి.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు ఎమ్రిస్.
"సగమే కాలింది కదా" అన్నాడు.
ఏడు పెన్నీలు వెనక్కి అడిగాడు.
లెక్కపెట్టి ఇచ్చాను.