అరవైకి నూట ఇరవైకి నడుమ

క్లబ్బుల నా పేరు మార్కర్.
ఇరవై రెండేండ్ల సంది పొద్దుగాల ఐదున్నరకు
మారేడ్‌పల్లి మట్టి కోర్టుకు నీళ్లు చల్లి
డాక్టర్లకు, వకీళ్లకు, వాళ్ల పిల్లలకు
వాళ్లు కొట్టగలిగే చోటనే బంతి వేసే పని.
గెల్వకుండ ఆడుడు అంత అల్కగ రాదు.

పోయిన చలికాలం, సర్వీసు నడిమిట్ల
భుజం లోపల ఎవరో చిటికె ఏసినట్టయింది.
అంతే.
తెల్లారి దండెం మీద అంగీ ఆరేయబోతే
చెయ్యి సగంల నిలబడ్డది.

పద్మారావునగర్‌ల, పిండిగిర్ని మీది అంతస్తు.
నుజహత్ మేడం చెయ్యి పక్క నుంచి లేపమన్నది.
అరవై డిగ్రీల దాక ఏం లేదు.
అరవై దాటితే నిప్పు.
నూట ఇరవై దాటినంక మళ్ల ఏం లేదు,
అబద్ధమాడినోని లెక్క చెయ్యి పైకెత్తి నిలబడ్డ.

నరమా మేడం?
నరం కాదు, కండ కొస.
బేగంబజార్ గల్లీ చూసినవా,
రెండు దిక్కుల దుకాండ్లు ముందుకొచ్చి
నడుమ తోపుడు బండి ఒరుసుకుంటనే పోతది, గట్ల.
మరి దుకాండ్లు కూలగొడ్తరా?
లేదు, బండి తోసేటోనికి నేర్పుతం.

వాడు నా వీపు మీదనే ఉన్నడంట.
రెక్క ఎముక.
నలభై మూడేండ్ల సంది మోస్తున్న, ఒక్కనాడు చూడలే.
అరచెయ్యి పెట్టి చెప్పింది:
కిందికి, లోపలికి, ఆహిస్తా.
నాకు దానితోని ఎట్ల మాట్లాడాల్నో తెల్వలే.

రెక్కాడితే గాని డొక్కాడదని
సున్నపు బట్టీ కాడ మా అమ్మ అంటుండె.
ఏ రెక్కనో చెప్పలే.

కిటికీ చువ్వకు పసుపు రబ్బరు పట్టీ కట్టిన.
మోచేతికి, పక్కటెముకకు నడుమ మడిచిన తువ్వాల,
జారొద్దు.
అన్నిట్ల మెత్తటిది పసుపంట,
అది గుంజనీకి నా చెయ్యి వణికింది.
నా బిడ్డ రవళి లెక్కబెడ్తది,
పన్నెండు కాంగనే పదిహేను అంటది.
నేను గూడ అడగలే, మొదటి వారం.

ఆరు వారాలు తల మీదికి చెయ్యి పోవద్దు.
జీతం సగం.
నా బుట్ట, నా బంతులు, పంతొమ్మిదేండ్ల పిలగాడు.

ఎర్ర పట్టీ వచ్చిన వారం
రాణిగంజ్ కాడ బస్సు బ్రేకేస్తే
మర్చిపోయి కుడి చేత్తోనే రాడ్డు పట్టిన.
పట్టినంక యాదికొచ్చింది.
ఇంటి దాక వదలలే,
సీటు ఖాళీ అయినా.

ఇగ ఇయ్యాల కోర్టు కాడికి పోయిన, ఊకె చూద్దామని.
పిలగాడు సర్వీసు కొడ్తున్నడు, భుజం చెవుల దాక గుంజి,
బుట్ట ఖాళీ అయ్యేదాక, మళ్ల నింపి.
పోయి వాని వీపు మీద అరచెయ్యి పెట్టిన.
కిందికి, లోపలికి.
ఉలిక్కిపడి చూసిండు:
నొప్పేం లేదే అన్నా?

నాకు గూడ లేకుండె.