వంగి చూడు

నాయన మోకాళ్ళు వంగవు.
కనిగిరి బోరునీళ్ళు ముప్పయ్యేళ్ళు తాగి
కట్టెలైపోయిన కాళ్ళు.
అందుకే ఆయనకి ముందొక కుక్క ఉండేది,
వెనక నేను.

కుక్క పేరు గవ్వ.
తెల్లటిది, వీపు మీద మాత్రం
పొయ్యిలో సగం కాలి బయటపడ్డట్టు ఒక మచ్చ.
పామూరు సంత నుంచి
నూకల మూట వెనకాలే నడిచొచ్చింది,
ఎవరిదని ఎవరూ అడగలేదు.

కౌజు వాసన తగిలితే అరవదు.
ముందుకాలు ఒకటి గాల్లో ఆగిపోతుంది.
తోక కందికట్టెలా నిలబడుతుంది.
ఆ కాలు దించేలోపు
బలుసు పొద చుట్టూ
జానెడుకొకటి ఉచ్చు గుచ్చాలి.
ఆయన వంగలేడు గదా,
గుచ్చేది నేనే.
గుర్రపు వెంట్రుకల ముడి
నా వేళ్ళకి ఇంకా వస్తుంది.

మా జట్టులో ఇంకొకటుంది:
ఈతపుల్లల గూట్లో పిలుపు పిట్ట.
గుడ్డు నుంచి నాయన చేతిలో పెరిగిన పుంజు కౌజు,
కాలికి ఎర్రదారం.
చెదలు తిని బలిసి
తెల్లారకముందే రోషంగా కూసేది
కితిక్కు కితిక్కు కితిక్కు
కొండవార పుంజులన్నీ తగాదాకొచ్చి
ఉచ్చులో మెడ పెట్టేవి.
సొంతోళ్ళని పిలిచి పట్టిస్తుందని
అమ్మ దానికి కరణం అని పేరు పెట్టింది.

పగలు నోట కౌజుల్ని కరుచుకొచ్చే గవ్వ
రాత్రి కరణం గూటికి ఆనుకుని పడుకునేది.
సందులోంచి ముక్కు పెడితే
అది గోమార్లు ఏరి తినేది.
ఈ లెక్క నాకప్పుడు అర్థం కాలేదు.
ఇప్పుడూ కాలేదు.

ఆ ఏడు సజ్జ వెన్ను పట్టలేదు.
వెలిగొండ కింద చిల్లకంప కూడా ఆకు రాల్చింది.
జత కౌజులు నలభై రూపాయలు,
అంగట్లో మా బాకీ నూటపది.
చీకటుండగానే పోయి గూడు కింద పెట్టామా,
పుల్ల పుటుక్కున విరిగింది.
దాని మేతకని తెచ్చిన చెదలే
గూటిని తినేశాయి.

కరణం ఎగరలేదు.
ఊళ్ళో పనున్న మనిషిలా
నడుచుకుంటూ పొదల్లోకి పోయింది.

నాయన ఈల వేశాడు. నూకలు చల్లాడు.
నాలుగు దిక్కుల నుంచీ నాలుగు కూతలు,
అన్నీ ఒకటే.
గవ్వని వదిలాడు.

గవ్వ పోయి పోయి
కలివి పొద దగ్గర ఆగింది.
కాలు లేచింది.
తోక నిలబడలేదు, ఊగింది.
అంతలోనే కాలు దించేసి
అటు తిరిగి కూర్చుని
పని లేనట్టు తన తొడ నాక్కోవడం మొదలుపెట్టింది.

"ఏందే?" అన్నాడు నాయన.
గవ్వ చెవి కూడా కదపలేదు.
"అమ్మణ్ణీ, వంగి చూడు."

వంగాను.
ముళ్ళ లోపల రెండు రొమ్ములు ఎగసిపడుతున్నాయి.
ఒకదాని కాలికి ఎర్రదారం.
ఇంకోదానికి లేదు.
చెయ్యి చాపితే అందుతుంది.
కరణం నన్ను చూసి
నూకలు పెట్టేటప్పుడు చేసే చప్పుడు
గొంతులోనే, చిన్నగా, చేసింది.

"ఏం లేదు నాయనా. తొండ."

ఉత్త గూడు భుజానేసుకుని ఇంటికొచ్చాం.
మొదటి సంగటి ముద్ద
గవ్వకే పెట్టాడు.
అమ్మ పొద్దుగూకేదాకా తిట్టింది.
ఇంకో పిట్టని పెంచలేదు.
గూట్లో ఉల్లిపాయలు పోసుకున్నాం.
ఆ కొండవార ఇప్పుడంతా జామాయిలు,
కింద గడ్డి మొలవదు,
కాలు ఎత్తడానికి ఏ కుక్కకీ కారణం లేదు.

ఒకటి మాత్రం చెప్పాలి.
నాయనకి వంగనివి మోకాళ్ళే.
పది పొదల అవతల ఆకు కదిలితే
పుంజో పెట్టో చెప్పే మనిషి.
ఆ పొద్దు కలివి పొదకి మూరెడు దూరంలో
నా పక్కనే నిలబడి,
కాసేపు కొండ వంక చూసి
"తొండేలే, పా" అన్నాడు.